మలావీ వెళ్లే నీ స్నేహితుడి నెట్ సంగతి

ఒరేయ్ అబ్బాయ్,

విద్యార్థుల ఎక్స్ఛేంజ్ కింద ఆఫ్రికాలోని మలావీ నుంచి మీ కాలేజీకొచ్చిన కుర్రాడు వచ్చే నెల వెళ్లిపోతున్నాడని, వాళ్ల ఊళ్లో నెట్ సరిగా లేదని, మీరంతా చందాలేసుకుని బీసెంట్ రోడ్డులో మంచి రౌటర్ కొనిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఆ డబ్బు ఇప్పుడే ఖర్చు పెట్టకండి.

గుంటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో 31 ఏళ్లు చేశాను కదా, అయినా రిటైరయ్యాక ఇదే తప్పు చేశా. మీ అత్తయ్య పుట్టింటికి సిమ్ వేసుకునే రౌటర్ పట్టుకెళ్లా. రేకుల ఇల్లు. లోపల ఒక్క గీత లేదు, పెరట్లో వేపచెట్టు దగ్గర మూడు గీతలు! చివరికి దాన్ని తీసుకెళ్లి చూరు కింద కట్టాం. మీ అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

కాబట్టి ముందు ఆ అబ్బాయి తమ్ముడికి పని చెప్పించు. అక్కడ ముఖ్యంగా రెండు మొబైల్ కంపెనీలు, ఎయిర్‌టెల్, టీఎన్ఎం. రెండు సిమ్‌లూ వేసి ఇంటి చుట్టూ తిరగాలి. ఏ మూల ఏది 4జీ పట్టింది, తెల్లవారి స్పీడెంత, అందరూ ఫోన్లు పట్టుకునే రాత్రివేళ ఎంత, కాగితం మీద రాసి పంపాలి. ఆ ఎయిర్‌టెల్ మనదే, 2010లో ఆఫ్రికాలో అడుగుపెట్టింది. అలాగని ఇక్కడి సిమ్ అక్కడ వాడితే రోమింగ్ బిల్లుకి కళ్లు తిరుగుతాయి.

రౌటర్ కూడా అక్కడే కొనుక్కోమను. ఇక్కడ సిమ్‌తో కలిపి చవగ్గా ఇచ్చేవి చాలావరకు ఆ కంపెనీ సిమ్‌కే లాక్ అయి ఉంటాయి. పైగా మన 4జీ ఎక్కువగా 3, 5, 40 బ్యాండ్ల (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీల) మీద నడుస్తుంది. ఆఫ్రికాలో చాలాచోట్ల 20వ బ్యాండ్ వాడతారు, అది లేని రౌటర్ తీసుకెళితే షోకేసులో పెట్టుకోవాల్సి రావచ్చు. ప్లగ్గు కూడా వేరే, వాళ్లవి పలక పిన్నులు.

సిగ్నలే లేదని తేలితే అప్పుడు స్టార్‌లింక్, అంటే డిష్ పెట్టి ఉపగ్రహం నుంచి తీసుకునే నెట్. 2023 నుంచి మలావీలో ఉంది. ఖర్చు ఒక్క ఇంటికి బరువే, పక్కిళ్లో ఊరి బడో కలిస్తే మోయొచ్చు. కొనేముందు కరెంటు లెక్క చూసుకోమను. ఆ డిష్ పాత సీలింగ్ ఫ్యానంత కరెంటు లాగుతుంది, అదీ రాత్రింబగళ్లు.

మీ చందాతో 256 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, పవర్ బ్యాంక్ ఒకటి కొనండి. కివిక్స్ అని ఒక యాప్ ఉంది, అందులో ఇంగ్లీషు వికీపీడియా మొత్తం బొమ్మలతో సహా 100 జీబీ చిల్లరకి దిగుతుంది, నెట్ లేకుండా చదువుకోవచ్చు. మీ పాఠాల పీడీఎఫ్‌లూ ఆ పెన్‌డ్రైవ్‌లోనే వేయండి. పవర్ బ్యాంక్ 20,000 ఎంఏహెచ్ దాటొద్దు, అదీ చేతి సంచిలోనే. పెద్ద పెట్టెలో పెడితే ఎయిర్‌పోర్టులో తీయించేస్తారు.

ఆ తమ్ముడికి ఇవాళే ఫోన్ చేయించు. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే వాళ్లకు సాయంత్రం ఆరు, ఇంట్లోనే ఉంటాడు. కాగితం రాగానే నాకు వాట్సాప్‌లో పెట్టు.

మీ మావయ్య