బ్లూస్ గిటార్ పట్టిన మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

గిటార్ కొన్నానని, అమెరికా నల్లవారి పాట అయిన బ్లూస్ నేర్చుకోవాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎవరిని వినాలో చెప్పమని నువ్వు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. దానితో పంపిన జాబితా కూడా శ్రద్ధగా చూశాను. అందులో స్కేళ్లు (స్వరాల వరుసలు), కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు), పెద్ద కళాకారుల పేర్లు, ఏ రోజున ఏది సాధన చేయాలన్న పట్టిక, అన్నీ ఉన్నాయి. ఆ జాబితాను కొన్నాళ్లపాటు బీరువాలో పెట్టెయ్యమని ముందుగా చెబుతున్నాను. బ్లూస్‌లో పట్టుకోవలసిన స్వరాలు చాలా తక్కువ. ఆ కాసిని స్వరాలను ఎప్పుడు పలికించాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలియడానికే ఏళ్లు పడుతుంది. అందుకని ముందు లయను, తరువాత ఒక్క గురువును పట్టుకో. మిగిలిన మహానుభావులందరి దగ్గరికీ ఆ గురువే నిన్ను తీసుకువెళతాడు.

నీ దగ్గర ఉన్నది కరెంటు అవసరంలేని అకూస్టిక్ గిటార్ కదా, ఎలక్ట్రిక్ కూడా కొనాలా అని అడిగావు. ఇప్పట్లో అవసరం లేదు. కొన్న దుకాణానికే ఒకసారి తీసుకువెళ్లి, తీగలు ఫ్రెట్ల (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీల) మీద మరీ ఎత్తుగా ఉంటే దించమని అడుగు. ఎత్తైన తీగలతో కుస్తీపట్టి, వేళ్లు నొప్పిపుట్టి, నెల తిరగకుండానే గిటార్‌ను మూలన పెట్టేసినవాళ్లు చాలామంది ఉన్నారు. విశాఖ సముద్రపు గాలికి ఉక్కు తీగలు త్వరగా తుప్పుపడతాయి కాబట్టి వాయించిన ప్రతిసారీ పొడిబట్టతో తుడవడం అలవాటు చేసుకో. ఇంకొక సంగతి కూడా ఇప్పుడే తెలిసి ఉండాలి. అకూస్టిక్‌లో, అన్నిటికంటే సన్నని తీగ నుంచి లెక్కపెడితే, మూడో తీగ మీద సాధారణంగా సన్నని లోహపు చుట్టు ఉంటుంది కనుక దాన్ని పక్కకు నెట్టి శ్రుతి పెంచడం కష్టం. ఎలక్ట్రిక్‌లో అదే తీగ చుట్టులేకుండా సన్నగా ఉంటుంది. వీడియోలో చూసిన అటువంటి నెట్టుడు, అంటే బెండ్, ఆ తీగ మీద రాకపోతే నీ వేళ్లలో బలం లేదనుకోకు. ఏడాది గడిచాక కూడా ఇదే ఆసక్తి నిలిచి ఉంటే అప్పుడు ఎలక్ట్రిక్ సంగతి ఆలోచిద్దాం.

మొదటి రెండు మూడు నెలలు సోలోల జోలికి పోవద్దు. ఎ (A) శ్రుతిలో పన్నెండు బార్ల (తాళపు గడుల) వరుసను మాత్రమే సాధన చెయ్యి. బార్‌కు నాలుగు దెబ్బలు. మొదటి నాలుగు బార్లు ఎ కార్డు, తరువాతి రెండు డి (D), మళ్లీ రెండు ఎ, ఆపైన ఒక బార్ ఇ (E), ఒక బార్ డి, ఒక బార్ ఎ, చివరి బార్ ఇ. అక్కడితో ఒక ఆవర్తనం పూర్తయి మళ్లీ మొదటికి వస్తుంది. ఎ కోసం ఐదో తీగను ఖాళీగా ఉంచి, నాలుగో తీగ రెండో ఫ్రెట్ మీద చూపుడు వేలు పెట్టి, ఆ రెండు తీగలను మాత్రమే కలిపి రెండుసార్లు మీటు. తరువాత చూపుడు వేలు తీయకుండానే ఉంగరపు వేలిని అదే తీగ నాలుగో ఫ్రెట్ మీదికి దించి మరి రెండుసార్లు మీటు. ఇదే పట్టును నాలుగు, మూడు తీగల మీదికి మారిస్తే డి, ఆరు, ఐదు తీగల మీదికి మారిస్తే ఇ పలుకుతాయి. షికాగో బ్లూస్‌లో సగం పాటల వెనుక మోగేది ఈ చిన్న పట్టే.

ఇందులో కష్టమంతా కుడిచేతిదే. ప్రతి దెబ్బనూ మూడు సమభాగాలుగా చేసి మొదటి భాగం మీద, మూడో భాగం మీద మీటాలి. దీనినే షఫుల్ అంటారు. చిన్నప్పుడు పాట క్లాసులో తిస్రగతి సాధన చేసినదానివి కనుక నీకు ఇది కొత్త కాదు. నోటితో తకిట, తకిట అనుకుంటూ ‘త’ మీద, ‘ట’ మీద మీటి, ‘కి’ని నిశ్శబ్దంగా వదిలెయ్యి. లయ చూపే యంత్రం మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, పన్నెండు బార్లూ ఎక్కడా తడబడకుండా ఒకదాని వెనుక ఒకటిగా నాలుగు ఆవర్తనాలు వచ్చేదాకా వేగం పెంచకు. నిదానంగా నడిచే షఫుల్ నిలబెట్టడం వేగంగా వాయించడం కంటే చాలా కష్టమని నీకు ఆ వారంలోనే తెలుస్తుంది.

లయ కుదిరాక స్వరాల దగ్గరికి రా. బ్లూస్ వాళ్లు మొదట నేర్చుకునే మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాలు షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. అంటే మన శుద్ధ ధన్యాసి స్వరాలే. అది చూసి బ్లూస్ అంటే శుద్ధ ధన్యాసే అనుకునేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. మన రాగం కింద తంబురా షడ్జమ పంచమాలను మోగిస్తూ ఉంటుంది. సాధారణ గాంధారం వాటి మీద హాయిగా నిలుస్తుంది. బ్లూస్‌లో కింద మోగే కార్డులో ఒక మెట్టు పైనున్న అంతర గాంధారం ఉంటుంది, పైన గొంతు, గిటార్ సాధారణ గాంధారాన్ని పలుకుతాయి. ఆ రెండు గాంధారాల ఒరిపిడిలోనే బ్లూస్ రంగు పుడుతుంది. గాయకులు చాలాసార్లు ఆ రెండింటికీ నడుమ, పియానో మెట్లకు అందని చోట స్వరాన్ని నిలుపుతారు. గమకానికి అలవాటుపడిన చెవి నీది. ఆ నడిమి స్థానం చాలామంది కంటే ముందుగా నీకు వినబడుతుంది.

దానిని వేలితో పట్టే తీరు చెబుతాను. ఎ శ్రుతిలో ఒకటో తీగ ఎనిమిదో ఫ్రెట్ సాధారణ గాంధారం. అక్కడ మీటి, తీగను రవ్వంత పైకి నెట్టి, అంతర గాంధారం రాకముందే ఆపు. తరువాత రెండో తీగ ఎనిమిదో ఫ్రెట్‌కు రా. అది కైశికి నిషాదం, దానిని పై షడ్జమం దాకా తీసుకువెళ్లాలి. ముందుగా ఒకటో తీగ ఐదో ఫ్రెట్ మీటి ఆ షడ్జమాన్ని చెవిలో నిలుపుకో. ఇప్పుడు ఉంగరపు వేలు ఎనిమిదో ఫ్రెట్ మీద, దాని వెనుక మధ్య వేలు, చూపుడు వేలు కూడా అదే తీగ మీద ఉంచి, మూడు వేళ్లూ ఒక్కటిగా, మణికట్టు తిప్పుతూ నెట్టు. చెవిలో ఉన్న షడ్జమంతో సరిగ్గా కలిసిన చోట ఆపి, అక్కడ నిలబెట్టు. కాస్త తక్కువైతే పాట మొత్తం చెడుతుంది. ప్రతి బెండ్‌కు ముందు చేరవలసిన స్వరాన్ని గొంతుతో పాడు. పాడలేని స్వరాన్ని నెట్టకు.

ఇక గురువు సంగతి. నీకు నేను ఎంచి ఇచ్చే గురువు బి.బి. కింగ్. ఆయన 1925లో మిసిసిపి రాష్ట్రంలో పుట్టి, చిన్నతనంలో పత్తి చేలలో పనిచేసి, మెంఫిస్ నగరపు రేడియోలో పేరు తెచ్చుకుని, 2015లో కన్నుమూశారు. ఆయన పాడుతున్నప్పుడు చాలావరకు గిటార్ ఊరుకుంటుంది. గొంతు ఆగగానే గిటార్ జవాబిస్తుంది. బ్లూస్ సాహిత్యపు కట్టుబాటే అటువంటిది. ఒక పంక్తిని రెండుసార్లు పాడి, మూడో పంక్తితో దానికి ముగింపు ఇస్తారు. ఒక్కో పంక్తికి నాలుగు బార్లు, అందులో దాదాపు సగం గొంతుకు, మిగిలిన సగం వాయిద్యానికి. 1964లో షికాగోలోని రీగల్ థియేటర్‌లో ఆయన ఇచ్చిన కచేరీ రికార్డు దొరుకుతుంది. నెల రోజులపాటు వేరేదేమీ వినకుండా అదే విను. మొదట గిటార్ చేతిలోకి తీసుకోకుండా ఆయన వాయించిన ప్రతి జవాబునూ గొంతుతో పాడు, పాడటం వచ్చిన జవాబులను మాత్రమే తీగల మీద వెతుక్కో.

షికాగోలో ఉద్యోగం చేసిన రోజుల్లో దక్షిణ భాగంలోని ఒక చిన్న క్లబ్‌లో పెద్దవయసు కళాకారుడు ఒకాయన వాయించడం దగ్గరగా కూర్చుని చూశాను. పాట పంక్తి ముగిశాక ఒకే ఒక్క స్వరం మీటి, దానిని బార్ చివరి దాకా వణికిస్తూ నిలిపి, మరొకటి చేర్చకుండానే తరువాతి పంక్తి అందుకున్నాడు. నీకు ఆ నిగ్రహం కావాలి. మూడు స్వరాలతోనే పన్నెండు బార్లు నడపడం కొన్ని వారాలపాటు సాధన చెయ్యి.

బి.బి. కింగ్ నుంచి వెనక్కి నడిస్తే రెండు దారులు కనబడతాయి. ఆయన ఎడమచేతి వైబ్రాటో, అంటే స్వరాన్ని వణికించే తీరు, ఎలా వచ్చిందంటే, తన బంధువు బుకా వైట్ వాయించే స్లైడ్ (తీగ మీద జార్చే గొట్టం) నాదాన్ని స్లైడ్ లేకుండా ఒట్టి వేళ్లతో తేవాలని ప్రయత్నించడం వల్ల వచ్చిందని ఆయనే చెప్పుకున్నారు. అది డెల్టాకు వెళ్లే దారి. రెండోది టెక్సస్ దారి. కింగ్‌కు ఆరాధ్యుడు టి-బోన్ వాకర్. ఆ వాకర్ చిన్నతనంలో డాలస్ వీధుల్లో, చూపులేని బ్లైండ్ లెమన్ జెఫర్సన్‌కు తోడుగా చేయిపట్టి నడిపించినవాడు. జెఫర్సన్ 1926 నుంచి 1929 వరకు ఇచ్చిన రికార్డులలో గర్రుమనే చప్పుడు ఎక్కువగా ఉంటుంది. చెవి అలవాటుపడేదాకా ఓపిక పట్టు. గొంతుకు, గిటార్‌కు నడుమ సంభాషణ అక్కడ అప్పటికే పూర్తిగా తయారై ఉంది.

డెల్టా అంటే మిసిసిపి, యాజూ నదుల నడుమ ఉన్న పత్తి నేల. బానిసత్వం చట్టరీత్యా పోయినా అక్కడి నల్లవారు కౌలు వ్యవసాయంలో, యజమాని కొట్టు దగ్గరి అప్పులో బందీలుగానే బతికారు. ఆ సంగతి తెలియకుండా ఆ పాటలు వినడం నాకు సమ్మతం కాదు. చార్లీ ప్యాటన్ ఆ నేల మీద అందరికీ పెద్ద. ఆయనతో తిరిగిన సన్ హౌస్ దగ్గర ఇద్దరు కుర్రవాళ్లు చూసి నేర్చుకున్నారు. వారిలో ఒకరు రాబర్ట్ జాన్సన్, రెండోవారు మడ్డీ వాటర్స్. మడ్డీ వాటర్స్ స్టోవాల్ తోటలో ట్రాక్టర్ నడిపే పనిలో ఉండి, 1943లో రైలెక్కి షికాగో చేరారు. అక్కడి క్లబ్బుల రొదలో అకూస్టిక్ వినబడక ఎలక్ట్రిక్ గిటార్ పట్టారు. డెల్టా పాట నగరపు పాటగా మారింది ఆ చేతుల్లోనే. ఆయనకు సాటిగా నిలిచిన హౌలిన్ వుల్ఫ్ వెనుక హ్యూబర్ట్ సమ్లిన్ వాయించిన గిటార్‌ను కూడా తప్పకుండా విను.

రాబర్ట్ జాన్సన్ గురించి నీకు అందరూ ఒకే కథ చెబుతారు, నాలుగు దారుల కూడలిలో దయ్యానికి ఆత్మను అమ్మి విద్య సంపాదించాడని. నేను ఆ కథను ఇష్టపడను, ఎందుకంటే అది ఆయన సాధనను దోచుకుంటుంది. మొదట్లో ఆయన గిటార్ వినలేకపోయేవాళ్లమని, కొంతకాలం కనబడకుండా పోయి తిరిగి వచ్చేసరికి తామంతా నివ్వెరపోయామని సన్ హౌస్ చెప్పారు. ఆ మధ్యకాలంలో ఆయన ఐక్ జిమర్మన్ అనే గిటార్ విద్వాంసుడి దగ్గర నేర్చుకున్నారు. 1936లో సాన్ ఆంటోనియోలో, 1937లో డాలస్‌లో రికార్డు చేసిన 29 పాటలు ఆయనవి మిగిలాయి. మరుసటి ఏడాదే, 27 ఏళ్ల వయసులో మరణించారు. బొటనవేలు బేస్‌ను (కింది స్థాయి స్వరాలను) ఆపకుండా నడుపుతుంటే పై తీగలు వేరే మనిషి వాయిస్తున్నట్టు పలుకుతాయి. అవి ఇప్పుడే వాయించాలని ప్రయత్నించకు, విను చాలు.

బొటనవేలి పద్ధతి నేర్చుకోవడానికి మిసిసిపి జాన్ హర్ట్ దగ్గరికి వెళ్లు. ఆయన 1928లో కొన్ని పాటలు రికార్డు చేసి, అవి అమ్ముడుపోక, అవలాన్ అనే తన పల్లెకు తిరిగి వెళ్లి వ్యవసాయం చేసుకున్నారు. ఆ పల్లె పేరు ఆయన పాటలోనే ఉంది. ఆ ఆధారంతో 1963లో ఆయనను వెతికి పట్టుకున్నారు. డెబ్బై ఏళ్ల వయసులో ఆయన వేళ్లు పట్టు తప్పలేదు. గొంతు మృదువు, లయ నిశ్చలం, ఎక్కడా తొందర లేదు. నీ అకూస్టిక్ గిటార్‌కు ఇంతకంటే మంచి పాఠం నేను చూపలేను.

నీ జాబితాలో ఒక్క స్త్రీ పేరైనా లేకపోవడం నాకు బాధ కలిగించింది. బ్లూస్ రికార్డుల వ్యాపారానికి తలుపు తెరిచింది 1920లో మేమీ స్మిత్ పాడిన పాట. ఆ తరువాతి దశాబ్దంలో ‘మా’ రెయినీ, బెస్సీ స్మిత్ అనే గాయనులు ఈ సంగీతానికి మహారాణులు. గిటార్ విషయానికొస్తే మెంఫిస్ మిన్నీ 1929లో రికార్డులు మొదలుపెట్టి, 1940ల ఆరంభానికే ఎలక్ట్రిక్ గిటార్ చేతబట్టి షికాగో క్లబ్బులను ఏలారు. ఆమె షఫుల్ ఎంత బిగువుగా ఉంటుందో విని, నీ కుడిచేతిని దానితో పోల్చి చూసుకో.

స్లైడ్‌ను మాత్రం రెండో ఏడాదికి వాయిదా వెయ్యి. చిటికెన వేలికి గాజు లేదా లోహపు గొట్టం తొడిగి, తీగను ఫ్రెట్ కమ్మీకి నేరుగా పైన, నొక్కకుండా తాకించాలి. చిత్రవీణ విన్న చెవికి ఆ జారుడు నాదం పరిచయమే. అప్పటికి బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో మాటలు లేకుండా కూనిరాగంతో, స్లైడ్‌తో చేసిన రికార్డును విని ఉండు. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు పూత రికార్డులో దానినీ చేర్చారు.

ఎ శ్రుతిలో నాలుగు ఆవర్తనాలు షఫుల్ తడబడకుండా వచ్చిన రోజున, మెట్రోనోమ్ శబ్దం కూడా వినబడేలా ఫోనులో రికార్డు చేసి నాకు పంపు. దాని మీద నేను ఒక పంక్తి పాడి తిరిగి పంపుతాను. నేను ఆగిన చోట నువ్వు మూడు స్వరాలకు మించకుండా జవాబు వాయించి పంపాలి.

ఇట్లు,
మీ మావయ్య