ఎంఆర్ఐలో మెదడు కుంచించుకుందని రాస్తే అది డిమెన్షియానే (మతి క్షీణించే జబ్బే) అనుకోకండి

అక్కా, బావగారు పదకొండేళ్లుగా హెచ్ఐవీకి ఏఆర్‌టీ మందులు మానకుండా వాడుతున్నారు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కూడా కనబడటం లేదు అన్నారు కదా. అయినా మతిమరుపు, రిపోర్టులో 'మెదడు స్వల్పంగా కుంచించుకుంది, తెల్ల పదార్థంలో మచ్చలు' అని చూసి కంగారుపడుతున్నారు. ఆ మాట ఒక్కటే చాలదు. వయసు, బీపీ, షుగర్ వల్ల కూడా అలాంటి మచ్చలు వస్తాయి. ఎంఆర్ఐ ముఖ్యంగా తీసేది టాక్సోప్లాస్మా (మెదడుకు సోకే ఒక పరాన్నజీవి), టీబీ గడ్డలు, పీఎంఎల్ (తెల్ల పదార్థాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు), స్ట్రోక్ లాంటివి లేవని తేల్చుకోడానికి. అవి లేవని వచ్చిందంటే అదే పెద్ద ఊరట.

జ్ఞాపకశక్తి ఎంత తగ్గిందో తేల్చేది పరీక్షే. ఏఆర్‌టీ సెంటర్లో ఇంటర్నేషనల్ హెచ్ఐవీ డిమెన్షియా స్కేల్ చేయమని అడగండి. నాలుగు మాటలు చెప్పి కాసేపటికి మళ్లీ అడుగుతారు. వాటం లేని చేత్తో బొటనవేలు, చూపుడువేలు అయిదు సెకన్లు గబగబా ఒకదానికొకటి తాకించమంటారు. తర్వాత పిడికిలి, అరచేయి, చేతి అంచు వరసగా బల్లమీద పెట్టించి చూస్తారు. 12కి 10 గానీ అంతకు తక్కువ గానీ వస్తే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే.

బీ12, థైరాయిడ్, సిఫిలిస్ పరీక్షలు, దిగులు, నిద్ర సంగతి కూడా చూపించండి. ఇవి సరిచేయగలిగినవి. పాత మందుల్లో ఎఫావిరెంజ్ (మెదడుపై ప్రభావం చూపగల ఒక ఏఆర్‌టీ మందు) ఉంటే తప్పక చెప్పండి. రక్తంలో వైరస్ కనబడకపోయినా వెన్ను నీటిలో ఉండొచ్చు, అరుదే అనుకోండి. లక్షణాలు పెరుగుతుంటే ఆ వెన్ను నీటి పరీక్ష అడగండి.

మందు మాత్రం ఒక్కపూట కూడా ఆపనివ్వకండి. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్, ఒకవైపు చేయి పడిపోవడం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.