పాత గోడకు సిమెంటు పూయవచ్చా?

ప్రశ్న: మా తాతల నాటి ఇంటి గోడలు అడుగున చెమ్మగిల్లి సున్నం రాలిపోతోంది. మేస్త్రీ సిమెంటు పూత వేద్దామంటున్నాడు. వేయించమంటారా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా, దయచేసి వేయించకండి. ఆ గోడ కట్టింది గానుగ సున్నంతో. దానికి లోపలి తేమను బయటకు వదిలే గుణం ఉంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే నిలిచి ఇంకా పైకి పాకుతుంది, ఇటుకలు పిండి పిండిగా రాలతాయి.

మా తాతగారు తాపీ మేస్త్రీ. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళతో విరిచి, ఇసుక కలిపి గానుగలో పోసేవారు. గుండ్రటి కాలువలో ఎద్దులు రాతి చక్రాన్ని తిప్పుతుంటే మధ్యమధ్యలో కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు చిలకరించేవారు. చిటికెడు తీసి నా అరచేతిలో పెట్టి ‘వేలితో నలిపి చూడు’ అనేవారు. వెన్నలా జారితేనే గోడకు ఎక్కేది. ఆ వాసన నాకిప్పటికీ గుర్తే.

సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి మళ్ళీ రాయిగా మారుతుంది. 1591 నాటి చార్మినార్ నిలిచింది సున్నంతోనే. ఇప్పుడు మనం మామూలుగా వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందిందే ఆ తర్వాత ఎప్పుడో, 1824లో.

ముందు చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూడండి. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడుతుంటే కాలువ తీయించండి. గోడ బాగా ఆరాక, వదులైన పూత గీకించి, సున్నం పని తెలిసిన మేస్త్రీతో మళ్ళీ సున్నపు పూతే పలచని పొరలుగా వేయించండి. ఒక పొర ఆరకుండా రెండోది వేయనివ్వకండి.