పేజీ మన ఇష్టానికి అమర్చుకోనిచ్చే ఫోటోబుక్ సర్వీసు ఎలా ఎంచుకోవాలి?

శ్రీకాకుళం నుంచి అడిగినవారి ప్రశ్న ఇదీ: అమ్మానాన్నలకి పెళ్లై 50 ఏళ్లు నిండబోతున్నాయి. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు, రీలు కెమెరా నాటి రంగు ఫోటోలు, ఇప్పటి ఫోన్ ఫోటోలు అన్నీ కలిపి ఒక పుస్తకం వేయించాలి. ఆన్‌లైన్‌లో చూసినవన్నీ ముందే గీసిపెట్టిన గళ్లలో ఫోటోలు పెట్టమంటున్నాయి. పేజీని మనకి కావలసినట్టు మార్చుకోనిచ్చే సర్వీసు ఏది?

మాది విజయనగరమండి. మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన కోసం అన్నదమ్ములం కలిసి ఇలాంటి పుస్తకమే చేయించాం. తర్వాత మేనత్తకీ, పిన్నికీ కూడా నేనే కూర్చుని చేశాను. అందుకని మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు.

సర్వీసు పేరు కన్నా ముందు ఒక్క సంగతి చూడండి. మీరు బయట తయారు చేసుకున్న పూర్తి పేజీని ఒక ఫోటోలాగా అప్‌లోడ్ చేసి, అంచు నుంచి అంచు దాకా వేయించుకునే వీలు ఆ సర్వీసులో ఉందా? ఉంటే వాళ్ల టెంప్లేట్లు, అంటే ముందే గీసిన పేజీ నమూనాలు, ఎలా ఉన్నా మీకు బాధ లేదు. పేజీలో ఏది ఎక్కడ ఉండాలో మీరే నిర్ణయించుకుంటారు, వాళ్లు ప్రింటూ బైండింగూ మాత్రం చేస్తారు. అది లేకపోతే ‘వందల డిజైన్లు’ అని ఎంత గొప్పగా రాసుకున్నా, ఆ వందలోనూ మీ ఇంటి ఫోటోకి సరిపోయేది దొరక్కపోవచ్చు. నా మటుకు నేను ఈ ఒక్క ప్రశ్నతోనే సగం సర్వీసుల్ని పక్కన పెట్టేస్తాను.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మా ఇంట్లో విజయనగరం పైడితల్లమ్మ జాతరలో జరిగే సిరిమానోత్సవం ఫోటో ఒకటుంది. సిరిమాను మీరూ చూసే ఉంటారు. దాదాపు 60 అడుగుల చింతమాను, కొస మీద ఆసనంలో పూజారి, కింద రథం, చుట్టూ ఇసకేస్తే రాలని జనం. పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ ఫోటో మా చిన్నాన్న ఎవరిదో మేడ మీద నుంచి తీశారు. మాను ఏటవాలుగా ఫోటో అంతా పరుచుకుని ఉంటుంది. పై మూలలో పూజారి కనిపిస్తారు. కింది మూలలో జనం మధ్య తలకి తువ్వాలు చుట్టుకుని, చెయ్యి పైకెత్తి అరటిపండు విసరబోతున్న కుర్రాడు మా నాన్న.

మేము మొదట చూసిన ఆన్‌లైన్ సంస్థ వెబ్‌సైట్‌లో పేజీలు అమర్చుకునే ఎడిటర్‌లో ఆ ఫోటోని ఏ గడిలో పెట్టినా నలుచదరం కిందే కత్తిరించేది. పూజారిని ఉంచితే నాన్న పోతారు. నాన్నని ఉంచితే మాను మొండెం మిగులుతుంది. గడిని సాగదీద్దామంటే కదలదు. రెండు పేజీలూ కలిపి వేద్దామంటే ఆ సదుపాయం ఖరీదైన రకంలో మాత్రమే ఉంది. పుస్తకం మొత్తానికి ఆ ఫోటోనే ప్రాణం. అక్కడితో దాన్ని వదిలేసి, పూర్తి పేజీ తీసుకునే వాళ్ల దగ్గరికి వెళ్లాం. ఇప్పుడు ఆ ఫోటో రెండు పేజీలు నిండుగా, ఒక్క అంగుళం కూడా పోకుండా ఉంది.

మీరు కూడా డబ్బు కట్టక ముందే ఒక పని చేయండి. దాదాపు అన్ని సర్వీసులూ ఆర్డరు పెట్టేదాకా ఎడిటర్‌ని ఉచితంగానే వాడుకోనిస్తాయి. అట్ట మీద పేరూ మొదటి పేజీలో అందమైన ఫోటో పెట్టి చూస్తే ఏదైనా బాగానే ఉంటుంది, దాంతో తేలేదేమీ ఉండదు. మీ దగ్గరున్న వాటిలో బాగా మొండివి మూడు తీయండి. బాగా పొడుగ్గానో వెడల్పుగానో ఉన్న ఫోటో ఒకటి. ఇంటిల్లిపాదీ నిలబడ్డ పెళ్లి గ్రూప్ ఫోటో ఒకటి. నాలుగైదు వాక్యాల తెలుగు రాత ఉన్న పేజీ ఒకటి. ముందు ఈ మూడు పేజీలూ చేసి చూడండి. గడి అంచు పట్టుకుని లాగితే సాగుతోందా, ఒక గడి తీసేసి దాని చోట ఖాళీ వదలొచ్చా, కొత్త గడి మనమే పెట్టుకోవచ్చా, చేసుకున్న పేజీని కాపీ చేసి ఇంకోచోట వాడొచ్చా, పేజీల వరస మార్చొచ్చా అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి. ఖాళీ వదలనివ్వడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పాత పోస్టుకార్డు సైజు ఫోటో ఒక్కటే పేజీ మధ్యలో చుట్టూ తెల్లగా వదిలి వేస్తే వచ్చే నిండుదనం వేరు. చాలా టెంప్లేట్లు ఆ ఖాళీని ఓర్చుకోవు, ఏదో ఒకటి నింపమంటాయి.

గ్రూప్ ఫోటో దగ్గర బైండింగ్ సంగతి కూడా చూసుకోవాలి. మామూలు పుస్తకంలా జిగురుతో అతికించే బైండింగ్‌లో మధ్య మడత ఫోటోని కొంత లోపలికి లాగేసుకుంటుంది. రెండు పేజీల మీద పరిచిన గ్రూప్ ఫోటోలో సరిగ్గా మధ్యలో కూర్చునేది పెళ్లికొడుకూ పెళ్లికూతురే కదా. మీ అమ్మగారి ముఖం సగం మడతలోకి పోతే ఇంత పనీ దేనికి? లేఫ్లాట్ అనే రకం తీసుకుంటే ఎడమ, కుడి పేజీలు ఒకే షీటుగా వస్తాయి, పుస్తకం విప్పితే బల్లపరుపుగా పడుకుంటుంది. పేజీలు అట్టలా మందంగా ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లకి తిప్పడం కూడా తేలిక. ధర ఎక్కువే. అయినా మీలాంటి పుస్తకానికి పేజీలు తగ్గించుకునైనా సరే లేఫ్లాటే తీసుకోమంటాను. అందులో కూడా ముఖాలు సరిగ్గా మడత గీత మీదకి రాకుండా ఫోటోని కొంచెం పక్కకి జరపండి.

ఇక తెలుగు అక్షరాలు. ఇది ఎవరూ ముందుగా చెప్పరు. కొన్ని ఎడిటర్లలో తెలుగు టైపు చేస్తే తెర మీద చక్కగానే కనిపిస్తుంది, ప్రింటు ఫైల్లోకి వెళ్లేసరికి ఒత్తులు విడిపోతాయి. ‘శ్రీకూర్మం’, ‘అత్తయ్య’, ‘పైడితల్లి’, ‘జ్యేష్ఠ’ లాంటివి టైపు చేసి, ప్రివ్యూ పీడీఎఫ్ దించుకుని పెద్దది చేసి చూడండి. అనుమానంగా ఉంటే ఆ ఎడిటర్‌లో తెలుగు అసలు టైపు చేయొద్దు. కాన్వా అనే డిజైన్ సైటులోనో ఇంకెక్కడైనానో పేజీ మొత్తం అమర్చుకుని, జేపీజీ ఫోటోగా దించుకోండి. అప్పుడు అక్షరాలు కూడా బొమ్మలో భాగమైపోతాయి, ఇక విడిపోవడానికి ఏమీ ఉండదు. గూగుల్ ఫాంట్స్‌లో యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మన రెండు జిల్లాల పెద్దల పేర్లతో గిడుగు, గురజాడ అని రెండున్నాయి. శీర్షికలకి రామభద్ర, కింద చిన్న రాతకి మండలి నాకు నచ్చాయి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో చేసేవాళ్లయితే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఇంజిన్ ఎంచుకోవాలి, లేకపోతే అక్కడా ఇదే గొడవ.

పేజీ బయట తయారు చేసుకునేటప్పుడు కొలత తప్పకూడదు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 8×8 అంగుళాల పేజీకి 2400×2400 పిక్సెళ్లు, 12×12 అయితే 3600×3600. దాని చుట్టూ కోతకి పోయే అంచు మామూలుగా 3 మిల్లీమీటర్లు అడుగుతారు, ఆ సర్వీసు ఎంత చెప్పిందో చూసి కలపండి. ముఖాలూ అక్షరాలూ అంచుకి కనీసం సెంటీమీటరు లోపలికి ఉంచండి. కోత ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ జరగడం మామూలే.

ఆన్‌లైన్ కాకుండా ఇంకో దారి కూడా ఉంది. మీ ఊళ్లో పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియో. ఈ పనికి చాలామంది వాళ్లని లెక్కలోకే తీసుకోరు, అది సరికాదు. కరిజ్మా అనే పెళ్లి ఆల్బమ్‌లు వేసే ల్యాబులు పని చేసేదే పూర్తి పేజీ ఫైళ్లతో. 12×36 అంగుళాల షీటంటే 10800×3600 పిక్సెళ్ల ఫైలు, దాని మీద మనం ఏం పెట్టుకుంటే అదే ప్రింటవుతుంది. ఇంతకన్నా స్వేచ్ఛ ఏ వెబ్‌సైటూ ఇవ్వదు. పిన్ని పుస్తకం మేము ఇలాగే వేయించాం. స్టూడియో ఆయన పక్కన కూర్చుని, ఫోటోల వెనకాల పూలూ మేఘాలూ బంగారు చట్రాలూ వద్దని ముందే చెప్పి, తెల్లటి పేజీ అడిగాం. మొదట కొంచెం ఆశ్చర్యపోయినా చక్కగా చేసిచ్చారు. మీరే పేజీలు తయారు చేసుకుని వెళ్తే ‘డిజైనింగ్ లేకుండా ప్రింటింగూ బైండింగూ మాత్రం ఎంత’ అని అడగండి. కాగితం చేత్తో తాకి చూసే అవకాశం కూడా అక్కడే ఉంటుంది. తళతళలాడే గ్లాసీ కాగితం మీద వేలిముద్రలు పడతాయి, ట్యూబులైటు కింద మెరిసి సరిగా కనిపించదు. పాత ఫోటోలకి మెరుపు లేని మ్యాట్ కాగితం బాగుంటుంది. అయితే ఈ ఆల్బమ్‌లు బరువు ఎక్కువ, సైజు పెద్దది. అమ్మ ఒళ్లో పెట్టుకుని చూసుకోవాలంటే 8×8 గానీ 10×10 గానీ హాయి. సైజు తగ్గించి వేస్తారేమో అడగండి.

ఫోటోల సంగతికొస్తే, ఎంత మంచి సర్వీసైనా మనమిచ్చిన దాన్నే ప్రింటు చేస్తుంది. అన్నయ్యో మేనమామో వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకి తగ్గిపోయి వస్తుంది. అది 5 అంగుళాల దాకా శుభ్రంగా వస్తుంది, పేజీ నిండా వేస్తే మసకే. ‘డాక్యుమెంటుగా పంపండి మామయ్యా’ అని బతిమాలండి, లేదా గూగుల్ డ్రైవ్‌లో పెట్టించండి. పాతవి స్కాన్ చేయించేటప్పుడు అసలు ఫోటో ఎంత చిన్నదైతే అంత ఎక్కువ డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) కావాలి. 3×4 అంగుళాల ఫోటోని 600లో స్కాన్ చేస్తే 6×8 దాకా వేయొచ్చు, 1200లో చేస్తే 12×16 దాకా. కొన్ని పాత ఫోటోల కాగితం మీద పట్టుబట్టలా గరుకు నేత ఉంటుంది. స్కానర్‌లో ఆ నేత చుక్కలు చుక్కలుగా పడుతుంది. అలాంటివి వరండాలో నీడపట్టున, రెండు వైపులా వెలుగు సమానంగా పడేలా పెట్టి కెమెరాతో తీస్తే నయం. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫోటోని గోరుతో లేపకండి. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని ఫోటో కిందికి పోనిచ్చి నెమ్మదిగా అటూ ఇటూ లాగితే ఊడి వస్తుంది. అలాగా రాకపోతే ఆల్బమ్ పేజీతో పాటే స్కాన్ చేయించేయండి.

రంగుల దగ్గర ‘ఆటో ఎన్‌హాన్స్’ అని రంగులూ వెలుతురూ దానంతటదే మార్చేసేది ఉంటే తీసేయండి. మేనత్త పుస్తకం నమూనాలో తాతగారి పొందూరు ఖద్దరు పంచె నీలంగా వచ్చింది, ఆ మెత్తటి నేత మడతలన్నీ తెల్లటి మచ్చలో కలిసిపోయాయి. ఆటో తీసేసి మళ్లీ వేయిస్తే ఆ లేత గోధుమఛాయ తెలుపు తిరిగొచ్చింది. పసుపు రాసిన ముఖాలనీ, చామనఛాయనీ కూడా అది ఇలాగే పాలిపోయేలా చేస్తుంది. ఫోన్ వెలుగు సగానికి తగ్గించి చూసి, అప్పటికి చీకటిగా అనిపించిన ఫోటోలకి మాత్రమే కాస్త వెలుతురు పెంచుకోండి. కాగితం మీద అన్నీ తెర మీద కన్నా ఒక పిసరు ముదురుగానే వస్తాయి.

ధర పోల్చేటప్పుడు ప్రకటనలో రాసినది కాదు, మీ పేజీల సంఖ్యకి చివర్లో కట్టాల్సిన మొత్తం చూడండి. చాలా చోట్ల చెప్పే ధర 20 పేజీలకే, ఆపైన ప్రతి రెండు పేజీలకీ విడిగా పడుతుంది. మీది 50 ఏళ్ల కథ కాబట్టి పేజీలు తప్పకుండా పెరుగుతాయి. కొరియరు, పన్ను కలిపాకే ఏది చవకో తెలుస్తుంది. ప్రింటు తేడా వస్తే మళ్లీ వేసిస్తారా, ఎన్ని రోజుల్లోపు చెప్పాలి అన్నది ఆర్డరుకి ముందే చదవండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకుంటే వాదన ఉండదు.

పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడితే ల్యాబులకి ఊపిరాడదు, సంక్రాంతి ముందు కొరియర్లు కూడా ఆలస్యమవుతాయి. మీ ఫంక్షన్ ఆ రోజుల్లో పడితే నెల ముందే ఫైళ్లు ఇచ్చేయండి. వీలైతే ముందుగా అన్నింటికన్నా చిన్న సైజులో, తక్కువ పేజీలతో ఒకటి వేయించి చూసుకోండి. ఆ ఖర్చు దండగ కాదు. మొత్తం పేజీల ఫైళ్లు మీ దగ్గర దాచుకోండి, ఎందుకంటే పుస్తకం చూశాక మీ అత్తయ్యలూ పిన్నులూ తలా ఒకటి అడగడం ఖాయం.

మీ దగ్గరున్న పెళ్లి ఫోటో కొలతలు, కాగితం గరుకుదా నునుపుదా అన్నది రాయండి. స్కాన్ ఎలా చేయించాలో, ఎంత పెద్దగా వేయొచ్చో చెప్తాను.