దోమల పనిలో చేరుతున్న మేనకోడలికి

చి. అమ్మడికి మేనత్త ఆశీస్సులు.

ఇక్కడ మలేషియాలోనే, క్లాంగ్ జిల్లాలో డెంగ్యూ విభాగంలో నీకు పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. "ఇల్లిల్లూ తిరిగే పని, పిల్ల బెదిరిపోతుందేమో, నువ్వో నాలుగు మాటలు చెప్పక్కా" అన్నాడు. నువ్వు బెదిరే పిల్లవి కావు. అయినా ముప్పై రెండేళ్ళు కమ్యూనిటీ నర్సుగా గడపగడపా ఎక్కి దిగినదాన్ని కదా, ఫోన్లో ఆగదని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

నువ్వు అడుగుపెడుతున్నది మామూలు ఊరు కాదు. 1901లో ఇప్పటి పోర్ట్ క్లాంగ్ రేవును పోర్ట్ స్వెట్టెన్‌హామ్ పేరుతో తెరిచారు. కొన్ని వారాలకే మలేరియా ఎంతగా పట్టుకుందంటే రేవు మూసేద్దామా అనేదాకా వచ్చింది. మాల్కమ్ వాట్సన్ అనే డాక్టరు చిత్తడి నేలల్లో నీళ్ళు తీయించి, పొదలు, అడవి కొట్టించాడు. జ్వరాలు తగ్గాయి. తర్వాత తోటల కోసం కొండ వాలుల్లోనూ అలాగే అడవి కొట్టారు. అక్కడ మలేరియా తగ్గకపోగా పెరిగింది. కింద మైదానంలో జబ్బు తెచ్చే దోమ నీడలో గుడ్లు పెట్టేది. కొండ దోమ ఎండ తగిలే తేట సెలయేళ్ళలో పెట్టేది. చెట్లు కొట్టి దానికి ఎండ ఇచ్చినట్టయింది. వాట్సన్ ఆ తేడా గమనించి, కొండల్లో సెలయేళ్ళను నేల కింది గొట్టాల్లోకి మళ్ళించే పద్ధతి పట్టాడు. మీ ముత్తాత విశాఖ జిల్లా నుంచి ఓడెక్కి బాగన్ దాతు కొబ్బరి తోటలకు వచ్చిన కాలంలో కూలీలు ఉండే వరస ఇళ్ళలో, అంటే కూలి లైన్లలో, చలిజ్వరం రాని ఇల్లు లేదని మా నాయనమ్మ చెప్పేది. అందుకే ఈ కథ నాకు పుస్తకంలో కథలా ఉండదు.

ఇది ముందు ఎందుకు చెప్పానంటే, ఆఫీసులో నీ చేతికి ఒక పద్ధతి ఇస్తారు. దాన్ని గౌరవించు. కానీ నీ తామన్‌లో (ఇళ్ళ కాలనీలో), నీ ఫ్లాట్లలో అది పనిచేస్తోందో లేదో నీ కళ్ళతో చూసుకో.

ఫాగింగ్, అదే దోమల మందు పొగ కొట్టడం, సంగతే తీసుకో. జనం అడిగేది అదే. పొగ కొడితే ప్రభుత్వం పని చేసినట్టు, కొట్టకపోతే చేయనట్టు. పొగ చంపేది ఆ సమయంలో ఎగురుతున్న దోమలనే. నీళ్ళలో లార్వా, అంటే దోమ పిల్లపురుగు, అలాగే ఉంటుంది, వారం పది రోజుల్లో మళ్ళీ దోమలై లేస్తుంది. పైగా పొగ వస్తోందంటే మనవాళ్ళు తలుపులు, కిటికీలు బిగించుకుంటారు. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ ఉండేది ఆ లోపలే, పరదాల వెనక, మంచాల కింద. కేసు వచ్చిన చోట ఫాగింగ్ చెయ్యి, వద్దనను. తలుపులు తీయించి చెయ్యి. కానీ అక్కడితో పని అయిందని ఎవరినీ అనుకోనివ్వకు, నువ్వూ అనుకోకు.

అసలు పని ఇంటి వెనక ఉంటుంది. ఫ్రిజ్ వెనక ట్రే, కుండీల కింద పళ్ళేలు, సీసాలో పెట్టిన మనీప్లాంటు, వానగొట్టంలో ఆకులు అడ్డుపడిన చోటు, మన ఇళ్ళలో తులసి దగ్గరి చెంబు, దేవుడి గదిలో పూల గిన్నె. టార్చి లేకుండా ఎప్పుడూ వెళ్ళకు. నీళ్ళు పారబోస్తే చాలనుకునేవాళ్ళకు, పారబోశాక పీచుతో గోడలు రుద్దాలని చేసి చూపించు. గుడ్లు పాత్ర అంచుకు అంటుకుని, తడి లేకుండా నెలల తరబడి బతికి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. నోటితో చెబితే ఎవరూ నమ్మరు. ఒక తెల్లటి గిన్నెలో లార్వా తీసి, మెలికలు తిరుగుతూ కదిలేటప్పుడు ఆ ఇంటి పిల్లల చేతికివ్వు. నేను ఇరవై నిమిషాలు మాట్లాడి చేయలేనిది ఆ గిన్నె అర నిమిషంలో చేసేది. వారానికోసారి పది నిమిషాలు వెతకమని మన ఆరోగ్య శాఖ చెప్పేది మంచి మాట. ఆ పది నిమిషాలూ పిల్లలకు అప్పగిస్తే ఎప్పుడూ తప్పదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. 2014లో ఈ క్లాంగ్ ఉన్న సెలంగోర్ రాష్ట్రంలో నీళ్ళ రేషన్ పెట్టారు. రెండు రోజులు నీళ్ళు, రెండు రోజులు లేవు. జనం డ్రమ్ములు, బాల్దీలు, పిల్లల స్నానాల తొట్లు, దొరికినదల్లా నింపుకున్నారు. ఆ ఏడాది దేశం మొత్తం మీద లక్షా ఎనిమిది వేలకు పైగా డెంగ్యూ కేసులు, 215 మరణాలు. మేము ఇన్‌స్పెక్టర్లతో కలిసి ఒక ఫ్లాటుకి వెళితే, ఒక ముసలావిడ ఇంట్లో మూత లేని నీలం డ్రమ్ము నిండా లార్వా ఉంది. జబ్బులు తెచ్చే పురుగుల మీద ఉన్న 1975 నాటి చట్టం కింద ఐదు వందల రింగిట్ కాంపౌండ్, అంటే జరిమానా, రాశారు. నేను పక్కన నిలబడి ఆవిడకు శుభ్రత గురించి గట్టిగా చెప్పాను. ఆవిడ ఒక్క మాట అడిగింది: "నీళ్ళెప్పుడొస్తాయో నువ్వు చెప్పగలవా?" నేను జవాబు చెప్పలేదు. రెండు వారాల తర్వాత ఆ మెట్ల మీదే ఇంకో కేసు వచ్చింది, పక్కింటి తొమ్మిదేళ్ళ పిల్లాడు. వెళ్ళి చూస్తే డ్రమ్ము బయట లేదు. మాకు కనబడకుండా లోపల మెట్ల కింద చీకట్లోకి జరిపి, పైన పాత సారోంగ్ కప్పింది. మేము జరిమానా వేసి దోమను ఇంకా లోపలికి, మనుషులకు ఇంకా దగ్గరికి నెట్టాం. పిల్లాడు ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికొచ్చాడు. ఆ రోజు మేం ఇవ్వాల్సింది గట్టి మూత, లార్వాను చంపే అబేట్ మందు గుళికలు రెండు చెంచాలు, నీళ్ళొచ్చే రోజుల పట్టిక. మూత ఖరీదు కాంపౌండులో పదో వంతు కూడా ఉండదు.

జరిమానా వద్దని కాదు. లార్వా నిండిన గోతులు పెట్టుకుని పని సాగించే కట్టడం కాంట్రాక్టరుకు జరిమానా వేసెయ్, మొహమాటపడకు. కానీ అక్కడ పనిచేసే బంగ్లాదేశ్, నేపాల్, ఇండోనేషియా కుర్రాళ్ళు యూనిఫాం చూస్తే వెనక గోడ దూకి పోతారు. కాగితాలు లేవనో, ఆసుపత్రిలో విదేశీయుల ఛార్జీ కట్టలేమనో జ్వరాన్ని దాచుకుంటారు. మనకు క్లినిక్కులో ఒక్క రింగిట్‌తో అయ్యే పని వాళ్ళకు అలా కాదు. మొదటిసారి యూనిఫాం లేకుండా, వాళ్ళ భాష వచ్చిన మనిషితో వెళ్ళు. మన తాతలూ ఇలాగే వచ్చారు కదమ్మా, ఇంకొకరి తోటలో, ఇంకొకరి దయ మీద.

వినడం గురించి ఇంకొకటి చెప్పాలి. నేను నెగెరి సెంబిలాన్ రాష్ట్రంలో ఉన్నప్పుడు 1998 చివర్లో పెరాక్ రాష్ట్రంలో ఇపో వైపు పందుల ఫారాల్లో మెదడువాపు మొదలైంది. అందరూ జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. అది దోమ తెచ్చేది కాబట్టి పొగ కొట్టారు, టీకాలు వేశారు. మేమూ వేశాం. కొన్ని నెలల్లో అమ్మకానికి తెచ్చిన పందులతో జబ్బు మా రాష్ట్రానికీ వచ్చింది. అప్పటికే ఫారం వాళ్ళ ఆడవాళ్ళు మాకు చెబుతూనే ఉన్నారు: టీకా వేసుకున్నవాడే పడిపోయాడు, పందులు వింతగా దగ్గుతున్నాయి, పిల్లలకు రావడం లేదు, పందుల పని చేసే మగవాళ్ళకే వస్తోంది, అవే దోమలు కుట్టే పక్క కాంపొంగ్‌లో (పల్లెలో) పందుల జోలికి పోని మలయ్ కుటుంబాలకు ఏమీ కావడం లేదు. ఇవన్నీ జబ్బు దోమది కాదని చెప్పే మాటలే. మాలో చాలామందిమి వాటిని భయంతో అన్న మాటలని కొట్టిపారేశాం. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో డాక్టర్ చువా కావ్ బింగ్ కొత్త వైరస్‌ని పట్టుకున్నాడు. మా దగ్గరి సుంగై నిపా అనే ఊరి పేరే దానికి వచ్చింది. గబ్బిలాల నుంచి పందులకు, పందుల నుంచి మనుషులకు. పది లక్షలకు పైగా పందులను చంపాక గానీ ఆగలేదు. 265 మందికి సోకితే 105 మంది పోయారు. ఆ పేరు 2018లో కోళికోడ్ నుంచి వినబడ్డప్పుడు నాకు ఆ ఫారాల వాసనే ముక్కుకు తగిలింది.

కాబట్టి నోటుపుస్తకంలో కేసుల లెక్కతో పాటు జనం అన్న మాటలు కూడా అన్నట్టుగానే రాసుకో. నీకు తప్పనిపించినా సరే. పై అధికారికి ప్రతి శుక్రవారం చూపించు.

ఉల్బాకియా అనే బాక్టీరియా ఎక్కించిన దోమలను వదిలే చోట పని పడితే జనం నిన్నే నిలదీస్తారు, ఉన్న దోమలు చాలక ఇంకా వదులుతారా అని. చిరాకుపడకు, అది న్యాయమైన ప్రశ్న. ఆ బాక్టీరియా ఉన్న దోమలో డెంగ్యూ వైరస్ పెరగడం కష్టమవుతుంది, వాటి పిల్లలకూ అది దిగుతుంది, కొన్నాళ్ళకు ఆ చోట అవే ఎక్కువవుతాయి. సెలంగోర్‌లో వదిలిన చోట్ల కేసులు సుమారు 40 శాతం తగ్గాయి. పోయింది 40 అని చెప్పు, మిగిలిన 60 కూడా చెప్పు. దాస్తే రేపు వాళ్ళే కనిపెడతారు.

జ్వరం వచ్చినవాళ్ళకు చెప్పాల్సిన మాట ఒకటుంది. దాన్ని మలయ్‌లో, తమిళంలో, తెలుగులో, చైనీయుల ఇళ్ళకు వాళ్ళ భాషలో నోటికి వచ్చేలా నేర్చుకో. డెంగ్యూలో ప్రమాదం జ్వరం ఎక్కువగా ఉన్న రోజున కాదు, తగ్గిన రోజున. మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా ఒళ్ళు చల్లబడగానే నయమైందని పనికి పోతారు. అప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగతగా పడుకోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రి. పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. బొప్పాయి ఆకు రసం తాగుతున్నామంటే వాళ్ళతో వాదం పెట్టుకోకు. తాగండి గానీ రోజూ వచ్చి రక్తం చూపించుకోండి అను. వాదం పెట్టుకుంటే రసం మానరు, రావడం మానేస్తారు.

మనవాళ్ళ ఇళ్ళలో షుగర్ ఉందా అని తప్పక అడుగు. 2019 జాతీయ సర్వేలో ఈ దేశపు భారతీయ పెద్దల్లో నూటికి 31 మందికి పైగా షుగర్ ఉందని తేలింది. షుగర్ ఉన్నవాళ్ళకు డెంగ్యూ ముదిరే ప్రమాదం ఎక్కువ. మీ నాన్న తాగే తే తారిక్ (తీపి పాల టీ) గురించి నేను వేరే ఉత్తరం రాయాలి.

గుడిలో అన్నదానం రోజు, మసీదులో శుక్రవారం నమాజు తర్వాత, పసార్ మలాం అనే రాత్రి సంతలో మాట్లాడించు, కానీ మైకు నువ్వు పట్టుకోకు. ఆ వీధిలో డెంగ్యూ వచ్చి లేచిన మనిషికి ఇవ్వు.

ఆదివారం మీ నాన్న చేత నా టార్చి, తెల్ల గిన్నె పంపుతున్నాను. గిన్నె అంచు ఒకచోట పెచ్చు ఊడింది, పనికేం అడ్డం రాదు. టార్చికి కొత్త బ్యాటరీలు వేశాను.

మీ అత్త