ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్‌లో డ్యూటీ పడింది, నాకంటే పెద్ద హోదా ఉన్న ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారికి నేనెలా పని చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. తుఫానొచ్చినా, ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైనా ఇక రాష్ట్రంలో శాఖలన్నీ ఒకే ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ ప్రకారం పనిచేయాలని మీటింగులో చెప్పారు. డీఈఈగా (డిప్యూటీ ఈఈగా) ఉన్న మిమ్మల్ని జిల్లా టీములో లాజిస్టిక్స్, అంటే సామాన్లు, బండ్లు, భోజనాల ఏర్పాట్ల విభాగం, కింద సపోర్ట్ బ్రాంచ్ చూడమన్నారు, మీ కింద బండ్లు చూసే గ్రౌండ్ సపోర్ట్ యూనిట్‌కేమో వేరే శాఖ ఈఈ గారిని వేశారు. ఆయనకి నేను చెప్తే వింటారా, ఇదంతా ఇంకో ఫారాల గోలేనా, అసలు ముందు ఏం చేయాలి అని అడిగారు. నేను రెవెన్యూలో చేసి రిటైరయ్యాను, సర్వీసులో ఎక్కువ భాగం విశాఖ చుట్టుపక్కలే గడిచింది, కంట్రోల్ రూమ్ డ్యూటీలూ ఫీల్డు డ్యూటీలూ రెండూ పడ్డాయి. కాస్త పొడుగ్గానే రాస్తాను, తీరిగ్గా చదవండి.

ఫారాల గోలేనా అంటే, ఫారాలు నింపడం ఒక్కటే చేస్తే అవును, గోలే. ఆర్గనైజేషన్ చార్ట్ ఫ్లెక్సీ వేయించి, మాక్ డ్రిల్ రోజున రంగురంగుల జాకెట్లు తొడుక్కుని ఫొటో దిగి, సాయంత్రానికి రిపోర్టు పైకి పంపేస్తే దానివల్ల ఎవరికీ పైసా లాభం లేదు. అలాంటివి నేను చాలా చూశాను. కానీ ఇందులో ఉన్న అసలు సంగతి ఫారాలు కాదు. ఎవరు ఎవరి మాట వినాలి, ఎవరి సంతకానికి డబ్బు కదులుతుంది, బయటి నుంచి వచ్చిన మనిషి, బండి ఎక్కడికొచ్చి పేరు రాయించుకోవాలి, ఈ మూడూ ఆపద రాకముందే తేలిపోయి ఉండాలి. మిగతాదంతా దానికి చేసిన అలంకారం.

విశాఖని కుదిపేసిన హుద్‌హుద్ తుఫాను గుర్తుందిగా, 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, ఊరంతా కరెంటు పోయింది, సెల్ టవర్లు పడిపోయి ఫోన్లు పనిచేయలేదు, ఏ రోడ్డు చూసినా అడ్డంగా చెట్లే. ఆ మర్నాటి నుంచి వేరే జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి కూడా మనుషులొచ్చారు, లైన్‌మన్లు, చెట్లు కోసే మెషీన్లు, జేసీబీలు, జనరేటర్లు, ట్యాంకర్లు. మనుషులకి కొదవ లేదు, చిక్కంతా వచ్చినవాళ్ళు ఎవర్ని కలవాలన్న దగ్గర. ఒక బ్యాచ్ కలెక్టరేట్‌కి వస్తుంది, ఇంకొకటి తమ శాఖ ఆఫీసుకే నేరుగా పోతుంది, మూడోది దారిలో ఎవరో ప్రజాప్రతినిధి చెయ్యెత్తి ఆపితే అక్కడే ఆగి వాళ్ళ వీధి శుభ్రం చేసి పెడుతుంది. నేను తిరిగిన ఏరియాలో ఒకే మెయిన్ రోడ్డుకి రెండు శాఖలు మనుషుల్ని పంపితే, దాని వెనకున్న కాలనీకి ఎవరూ రాలేదు, అక్కడి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచొచ్చి నన్ను నిలదీశారు. నా దగ్గర చెప్పడానికి సమాధానం లేదు, ఎందుకంటే ఏ బండి ఎక్కడుందో రాసిన కాగితం ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు.

సిస్టమ్‌లో స్టేజింగ్ ఏరియా అని ఒకటుంటుంది చూడండి, అది సరిగ్గా దీనికోసమే. ఏదో ఒక పెద్ద గ్రౌండు ముందే అనుకుని, బయటి నుంచి వచ్చే ప్రతి బండీ అక్కడికే రావాలి, అక్కడ పేరు రాసుకోవాలి, ఫీల్డులో పని చేయించే ఆపరేషన్స్ వాళ్ళు పిలిచినప్పుడే కదలాలి. చెప్పడానికి ఇంతే. అమలు చేయాలంటే మాత్రం గేటు దగ్గర రిజిస్టరు పట్టుకుని రాత్రంతా మేలుకునే ఒక మొండి మనిషి కావాలి, ఎవరి ఫోనొచ్చినా బండిని వదలనివాడు.

హుద్‌హుద్‌లో పనులు జరగలేదని అనను. ముఖ్యమంత్రే వచ్చి ఇక్కడ మకాం వేశారు కాబట్టి ఫైళ్ళు పరిగెత్తాయి, పొద్దున నోట్ పెడితే సాయంత్రానికి ఆర్డరొచ్చేది. కానీ ప్రతి వరదకీ, ప్రతి అగ్నిప్రమాదానికీ ముఖ్యమంత్రి రాలేరు కదా. ఆయన రాకపోయినా తహసీల్దారు స్థాయిలో అదే వేగం ఉండాలంటే ఏం చేయాలన్నదే ఇక్కడ ప్రశ్న.

ఇక ఈఈ గారి సంగతి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రాష్ట్రానికి చీఫ్ సెక్రటరీ, జిల్లాకి కలెక్టర్ బాధ్యతాధికారులు. వాళ్ళ కింద పనంతా నడిపించే ఇన్సిడెంట్ కమాండర్, ఆయన కింద ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్ అని మూడు సెక్షన్లు. ఒక మనిషికి ఒకే పైఅధికారి, ఒక అధికారి కింద అయిదుగురు, మహా అయితే ఏడుగురు. ఇక్కడ హోదా కాదు, ఆ రోజుకి ఇచ్చిన పనే లెక్క. కాగితం మీద ఇది బాగానే ఉంటుంది, మన ఆఫీసుల్లో మాత్రం సీనియారిటీ లిస్టు దేవుడితో సమానం. కాబట్టి ఈ మాట ఆయనతో వాదించి గెలుద్దామనుకోకండి. చేయాల్సిందల్లా మీ నోటితో ఆర్డర్లు వేయకుండా ఉండడం. ప్రతి షిఫ్టుకీ ఇన్సిడెంట్ యాక్షన్ ప్లాన్ అని ఒక కాగితం తయారవుతుంది, దానిమీద కమాండర్ సంతకం ఉంటుంది. గ్రౌండ్ సపోర్ట్ చేయాల్సిన పని అందులో రాయించండి, ఎన్ని బండ్లు, ఏ టైముకి, ఎక్కడికి. అప్పుడు మీరు వెళ్ళి "సార్, ప్లాన్‌లో ఇలా ఉంది, బండ్లు ఎన్నింటికి కదులుతాయి?" అని అడుగుతారంతే. ఆయన కాదంటే కమాండర్‌ని కాదన్నట్టు. నేను చూసినంతలో పెద్ద అధికారులు పని చేయనని మొరాయించడం తక్కువ, చిన్న అధికారి చెప్పాడన్న మాట పడకూడదని చూసుకోవడం ఎక్కువ. ఆ మాట రాకుండా చూడండి చాలు. అప్పటికీ కుదరదనిపిస్తే ముందే కలెక్టరేట్‌లో చెప్పి పాత్రలు మార్పించుకోండి, ఆయన్ని బ్రాంచికి పెట్టి మీరు యూనిట్ తీసుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు. తుఫాను రాత్రి ఈ పంచాయతీ పెట్టుకోవడమే తప్పు.

ఇదంతా పుట్టింది అమెరికాలో, కాలిఫోర్నియాలో 1970లో కార్చిచ్చులు చెలరేగిన తర్వాతి ఏళ్ళలో. ఆ సిస్టమ్ అప్పట్నుంచే ఉన్నా అక్కడా అన్ని శాఖలూ వెంటనే తలకెత్తుకోలేదు. 1991 అక్టోబర్‌లో ఓక్‌లాండ్ కొండల్లో మంటలు లేచి 25 మంది చనిపోయారు. సాయానికి పక్క ఊళ్ళ నుంచి ఫైరింజన్లు వస్తే వాళ్ళ గొట్టాలు రెండున్నర అంగుళాలవి, ఓక్‌లాండ్ హైడ్రెంట్లేమో (వీధుల్లో ఫైరింజన్లకి నీళ్ళిచ్చే కుళాయిలు) మూడు అంగుళాలవి, ఒకదానికొకటి పట్టలేదు, రేడియోలూ కలవలేదు. ఆ తర్వాతే చట్టం చేసి రాష్ట్ర శాఖలన్నిటికీ ఒకే పద్ధతి తప్పనిసరి చేశారు. స్థానిక సంస్థల్ని బలవంతం చేయలేదు గానీ ఒక మెలిక పెట్టారు, ఈ పద్ధతి పాటించకపోతే ఆ సమయంలో సిబ్బందికి అయిన ఖర్చు రాష్ట్రం తిరిగివ్వదు. అంతే, అందరూ దారిలోకొచ్చారు. 2004లో అమెరికా అంతటికీ ఇలాంటి విధానం తెచ్చినప్పుడూ అక్కడి కేంద్ర గ్రాంట్లకే ముడిపెట్టారు. మన దగ్గర కూడా సర్క్యులర్ మీద సర్క్యులర్ వేసేకన్నా, స్టేజింగ్ రిజిస్టరులో ఎంట్రీ లేని బండికి బిల్లు పాస్ కాదు అని ఒక్క లైను రాస్తే చాలని నా నమ్మకం.

బిల్లుల మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా, అమెరికా పద్ధతిలో ఫైనాన్స్ విడిగా నాలుగో సెక్షన్, మన దాంట్లో అది లాజిస్టిక్స్ లోపలే ఒక బ్రాంచి. అంటే డీజిల్ బంకువాడు, టెంట్‌హౌస్ వాడు, భోజనాల కాంట్రాక్టరు మీ సెక్షన్ గుమ్మంలోనే కూర్చుంటారు. ట్రెజరీ రూల్ 27 కింద కలెక్టర్ అత్యవసరంగా డబ్బు డ్రా చేయొచ్చు, ఆ డబ్బుకి తర్వాత లెక్క చెప్పాల్సింది మాత్రం మీరు. ఒకసారి ఒక శాఖ ట్యాంకర్లు తిప్పిన లాగ్ బుక్కులు తుఫాను తర్వాత తీరిగ్గా కూర్చుని ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపి తెచ్చారు, ఆడిట్‌లో ఆ ఫైలు ఏళ్ళ తరబడి తిరిగింది. బండి కదిలినప్పుడే రీడింగ్ రాయించండి. వాట్సాప్‌లో మీటర్ ఫొటో పెట్టమన్నా సరే.

ఇంకో మాట, చాలామంది పొరబడేది. లాజిస్టిక్స్‌లో మెడికల్ యూనిట్, ఫుడ్ యూనిట్ అని ఉంటాయి, అవి బాధితుల కోసం కాదు, పనిచేసే సిబ్బంది కోసం. పునరావాస కేంద్రంలో జనానికి భోజనం, వైద్యం చూడాల్సింది ఆపరేషన్స్. ఈ తేడా తెలియక ఒక మాక్ డ్రిల్‌లో రెండు టీములూ అవతలివాళ్ళు చూస్తారులే అని ఊరుకున్నాయి. నిజం తుఫానైతే లైన్‌మన్ స్తంభం మీద పస్తుండాలి.

సేఫ్టీ ఆఫీసర్ పోస్టుని మాత్రం తేలిగ్గా తీసుకోనివ్వకండి. మామూలుగా ఏ పనీ లేని మనిషి పేరు అక్కడ రాస్తారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు ముందు పరిగెత్తింది చుట్టుపక్కల జనం, పోలీసులు. ఇంటింటికీ వెళ్ళి తలుపులు కొట్టి లేపారు, సాయానికి వెళ్ళినవాళ్ళు కూడా కొందరు ఆ గాలికి ఇబ్బందిపడ్డారు. 12 మంది పోయారు. అలాంటి చోట గాలి ఎటు వీస్తోంది, ఎవరు ఎంత దూరం లోపలికి వెళ్ళొచ్చు అని చూసి, అవసరమైతే ఎంత పెద్దవాళ్ళనైనా ఆపే అధికారం సేఫ్టీ ఆఫీసర్‌ది. ఈ ఊరి చుట్టూ ఇన్ని ఫ్యాక్టరీలున్నాయి, ఆ కుర్చీలో కెమికల్స్ తెలిసిన మనిషి కూర్చోవాలి.

నన్నడిగితే ఈ పద్ధతి అలవాటు కావడానికి తుఫాను దాకా ఆగక్కర్లేదు. సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంది కదా, 32 కిలోమీటర్లు, లక్షల్లో జనం, హనుమంతవాక, అప్పుఘర్, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా. దేవస్థానం, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ), పోలీసు, కరెంటు, 108, ఆర్టీసీ, అప్పుఘర్ దగ్గర సముద్రస్నానాలకి గజ ఈతగాళ్ళు, అందరూ ఎలాగూ అక్కడే ఉంటారు. ఏటా వచ్చేదే, తేదీ ముందే తెలుసు. దాన్ని పూర్తిగా ఈ సిస్టమ్ కిందే నడపండి, ఒకే కమాండర్, ఒకే ప్లాన్, అప్పుఘర్‌కి ఒక స్టేజింగ్, ఎన్‌ఏడీకి ఒకటి. చందనోత్సవానికీ అంతే. 2025లో క్యూలైన్ పక్కన గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయాక ఇది మామూలు బందోబస్తు పని అని ఎవరూ అనలేరు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పెళ్ళి పెత్తనం చేసినవాడికి స్టోర్ రూమ్ తాళం ఎవరికివ్వాలో ఎవరూ చెప్పక్కర్లేదు, ఇదీ అలాంటిదే.

మీరు ముందు ఏం చేయాలంటే, మీకు డ్యూటీ వేసిన ఆర్డరులో (ప్రొసీడింగ్స్‌లో) పేర్లున్నాయా, పోస్టులున్నాయా చూడండి. పేర్లుంటే వచ్చే బదిలీల్లో సగం టీము మాయమైపోతుంది. పోస్టు పేరుతో, దానికి ప్రత్యామ్నాయంగా ఇంకో పోస్టుతో మళ్ళీ ఇప్పించుకోండి. 2022లో జిల్లాలు విడిపోయాక పాత ఉమ్మడి జిల్లా లిస్టుల్లోని బండ్లు, జనరేటర్లు కొన్ని అనకాపల్లి వైపు, కొన్ని పాడేరు వైపు పోయి ఉంటాయి, పాత ఎక్సెల్ షీటుని నమ్మకండి, స్వయంగా ఫోన్ చేసి జనరేటర్ స్టార్టవుతుందా అని అడగండి. కరెంటు లేకపోయినా డీజిల్ కొట్టగలిగే బంకులేవో రాసుకోండి, హుద్‌హుద్‌లో ట్యాంకులో డీజిలుండీ పంపు ఆడక ఇబ్బందిపడ్డాం. ఫోన్లు పోతే పోలీసు వైర్‌లెస్ సెట్ మీ సెక్షన్‌కి ఒకటి కావాలని ఇప్పుడే రాసి పెట్టండి. ఆ తర్వాత ఒకరోజు ఈఈ గారి ఆఫీసుకి మీరే వెళ్ళి టీ తాగుతూ ఆ లిస్టు ఆయన ముందు పెట్టి, ఇందులో ఏ బండ్లు నిజంగా తిరుగుతాయో చెప్పమని అడగండి. ఆయనకే బాగా తెలుస్తుంది.