భుజంలో ముడి.. మందు లేని సూదితో పోతుందా?

ప్రశ్న: నా వయసు 43. రాజమండ్రిలో మగ్గం వర్క్ చేస్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో రోజుకు తొమ్మిది, పది గంటలు ఫ్రేమ్ ముందే కూర్చోవాలి. ఆరు నెలలుగా కుడివైపు మెడ నుంచి రెక్క దాకా పట్టేస్తోంది. మెడకూ భుజానికీ మధ్య గోలీకాయంత గడ్డ చేతికి తగులుతుంది. నొక్కితే నొప్పి తలలోకి ఎక్కుతుంది. నొప్పి బిళ్ల వేసుకుంటే ఆ పూటకే. ఎక్స్‌రే చూసి మెడ ఎముకలు కొంచెం అరిగాయన్నారు. ఫిజియోథెరపిస్ట్ డ్రై నీడ్లింగ్ చేయించుకోమంటున్నారు. ఇది ఆక్యుపంక్చరేనా? సూదంటే భయం. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. ఈమధ్య చెయ్యి వెనక్కి పెట్టి జడ వేసుకోవడం కూడా కష్టంగా ఉంది.

జవాబు: రోజంతా సూదితోనే పనిచేసే మీకు సూదంటే భయమేమిటని ఇంట్లోవాళ్లు అనే ఉంటారు. గుచ్చడం వేరు, గుచ్చించుకోవడం వేరు లెండి. భయం సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో రాసిన రెండు ముక్కలే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేశాయి. షుగర్ ఉంది, చెయ్యి వెనక్కి పోవడం లేదు. షుగర్ ఉన్నవాళ్లలో భుజం కీలు బిగుసుకుపోవడం, అంటే ఫ్రోజెన్ షోల్డర్, మిగతావాళ్లకంటే ఎక్కువ. సూది కండరం కోసం. బిగుసుకున్న కీలు ఒక్క సూదితో తెరుచుకోదు.

ఇంట్లోనే ఒకటి చేసి చూడండి. కుడి మోచేయిని నడుముకు ఆనించి, మడిచి, అరచేతిని పక్కకు తిప్పండి, తలుపు తెరిచినట్టు. ఎడమ చేత్తోనూ అలాగే చేసి పోల్చుకోండి. తర్వాత మీ చేతిని వదులుగా ఉంచి ఇంకొకరిని నెమ్మదిగా తిప్పమనండి. వాళ్లు తిప్పినా కుడి చెయ్యి సగంలోనే ఆగిపోతుంటే కీలు మీద అనుమానం రావాలి. అప్పుడు ముందు ఎముకల డాక్టర్‌కు చూపించండి. నొప్పిగా ఉన్నా చెయ్యి పూర్తిగా తిరుగుతుంటే ఇబ్బంది ఎక్కువగా కండరానిదే. ఎముకల అరుగుదల గురించి అంత టెన్షన్ వద్దు. నలభై దాటాక ఏ నొప్పీ లేనివాళ్ల ఎక్స్‌రేలోనూ అది కనిపిస్తుంది.

మీ చేతికి తగిలే గోలీకాయను ట్రిగ్గర్ పాయింట్ అంటాం. తల వంచి, భుజం కాస్త పైకెత్తి గంటలకొద్దీ పనిచేస్తే మెడ పక్కనుండే ట్రెపీజియస్ కండరంలో కొన్ని పోగులు ముడుచుకుని అలాగే ఉండిపోతాయి. దారం చిక్కుపడ్డట్టన్నమాట. దాన్ని నొక్కితే నొప్పి కణతల దాకా పాకడం ఈ కండరానికి మామూలే.

ఒకప్పుడు ఇలాంటి ముడుల్లోకి మత్తుమందు ఎక్కించేవారు. అమెరికా అధ్యక్షుడు కెనెడీ నడుమునొప్పికి వైద్యం చేసిన డాక్టర్ జానెట్ ట్రావెల్ ఆ పద్ధతికి పేరుపొందారు. 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ ఒక సంగతి రాశారు: ఉపశమనంలో ఎక్కువ భాగం మందుది కాదు, సూది గుచ్చడానిదేనని. డ్రై నీడ్లింగ్‌లో ‘డ్రై’ అంటే అదే, లోపలికి ఏ మందూ పోదు. సూది ఆక్యుపంక్చర్‌దే, లెక్క వేరు. అక్కడ శక్తి మార్గాలను బట్టి గుచ్చుతారు, ఇక్కడ వేలికి తగిలిన ముడిలో.

సూది మందం 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్లు. మామూలు ఇంజక్షన్ సూదిలో దాదాపు సగం. చర్మం దాటేటప్పుడు చీమ కుట్టినట్టుంటుంది, అంతే. ముడికి తగిలినప్పుడు మాత్రం కండరం ఒక్కసారి ఎగిరిపడుతుంది. చేపపిల్ల తుళ్లినట్టు ఉందని నా పేషెంట్ ఒకావిడ అన్నారు, అంతకంటే బాగా నేను చెప్పలేను. చాలామంది ఆ తర్వాత మెడ తేలికైందంటారు. ఒకటి రెండు రోజులు సలుపు, చిన్న కమిలిన మచ్చ ఉండొచ్చు.

ప్రమాదం లేదా అంటే, అరుదే గానీ ఉంది. ఆ కండరం కిందే ఊపిరితిత్తి పైకొన ఉంటుంది. సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లుపడొచ్చు. అందుకే తెలిసినవాళ్లు మిమ్మల్ని పడుకోబెట్టి, కండరాన్ని రెండు వేళ్లతో పైకి పట్టుకుని, ఆ పట్టులోనే గుచ్చుతారు. కూర్చోబెట్టి, చీర పైనుంచే పొడిచేవాళ్ల దగ్గర ఆగకండి. సీల్ ఉన్న సూది ప్యాకెట్ మీ ఎదుటే విప్పాలి. చేయించుకున్న రోజో మర్నాడో ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు వస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే, గర్భం ఉంటే, అక్కడ చర్మంపై పుండు ఉంటే ముందే చెప్పాలి. షుగర్ అదుపులో లేకపోతే ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ కాబట్టి, మీరు మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయించుకునే వెళ్లండి.

ఎంత పనిచేస్తుంది? కొన్ని వారాల వరకు నొప్పి తగ్గడానికి బాగానే పనికొస్తుంది. నెలల తరబడి చూస్తే వ్యాయామాన్ని మించిందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. నేనైతే వారానికొకటి చొప్పున మూడు సిట్టింగులు చూస్తాను. మార్పు లేకపోతే ఆపేస్తాను. పది సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి. నొప్పి తగ్గిన ఆ నాలుగు రోజుల్లోనే ఫిజియోథెరపిస్ట్ నేర్పే మెడ, రెక్క వ్యాయామాలు మొదలుపెట్టాలి.

ఫ్రేమ్ సంగతి కూడా చూడండి. నేలమీద కూర్చుని దానిమీదకు వంగే పద్ధతైతే ఎన్ని సూదులు గుచ్చినా ముడి మళ్లీ వస్తుంది. స్టాండ్ మీద పెట్టి, మోచేతుల ఎత్తుకు తెచ్చుకోండి. వెలుతురు చాలకపోయినా తల వంగుతుంది, కళ్లజోడు మార్చుకుని ఎన్నాళ్లయిందో గుర్తుచేసుకోండి. అరగంటకోసారి లేవడానికి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

చేతిలో తిమ్మిరి, వేళ్లలో పట్టు తగ్గి మగ్గం పనికి వాడే ఆరి సూది జారిపోవడం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం సూది మాట పక్కనపెట్టి డాక్టర్‌ను కలవండి.

- పునరావాస వైద్య నిపుణులు